చొక్కా జేబులో ఫ్లాపీ

మా ఆయన చొక్కా జేబులో ఫ్లాపీ దొరికేనాటికి నాకు అనుమానం మొదలై నెలన్నర దాటింది. బట్టలు నానబెట్టే ముందు జేబులు తడమడం నా అలవాటు. మామూలుగా దొరికేవి బస్ టికెట్టు, వక్కపొడి పొట్లం, అరిగిపోయిన పెన్సిలు ముక్క. ఆ రోజు చేతికి నల్లగా, చదరంగా, అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ బిళ్ళ తగిలింది. ఫ్లాపీ అంటే ఏమిటో నాకు తెలుసు. మా ఆఫీసులోకి కొత్తగా రెండు కంప్యూటర్లు దిగాయి. వాటికోసం ఏసీ గది కట్టి, చెప్పులు బయట విప్పి రమ్మన్నారు. మేం టైపిస్టులం నలుగురం గుమ్మంలో నిలబడి దేవుణ్ణి చూసినట్టు చూసి వచ్చేవాళ్ళం. అందుకని ఫ్లాపీ నాకు కొత్త కాదు. వర్క్‌షాపులో ఇంకు పెన్నుతో గీతలు గీసుకునే మనిషికి దానితో ఏం పనో, అది మాత్రం తెలియలేదు.

దాని మీద చిన్న కాగితం అంటించి ఉంది. కాగితం మీద మా ఆయన చేతిరాత. ముత్యాల్లాంటి అక్షరాలతో "ఆమె 3" అని రాసి ఉంది.

ఆమె ఎవరు? మూడేమిటి? ఒకటీ రెండూ ఏమయ్యాయి? నీళ్ళ బకెట్ ముందు కూర్చుని ఆ రెండు ముక్కలనే పదిసార్లు చదివాను.

మాది విజయనగరం పక్క. ఉద్యోగాల కోసం సికింద్రాబాద్ వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపు డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్. ఇంజినీరు గీసిన డ్రాయింగు మీద పల్చటి కాగితం పరిచి, గీత తప్పకుండా ఇంకుతో మళ్ళీ గీయడం ఆయన పని. చిలకలగూడలో రెండు గదుల వాటాలో ఇద్దరమే ఉండేవాళ్ళం. ఇంకో సంగతి ఇక్కడే చెప్పేస్తాను. తర్వాత చెబితే మీరు జాలిపడతారు, నాకు జాలి అంటే ఒళ్ళు మంట. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడింది. నడిస్తే ఒంగి లేస్తాను. కింద పడను.

అనుమానానికి విత్తనం వేసింది మా ఓనరమ్మ. అవి ఊళ్ళో ఏ మేడ చూసినా కంప్యూటర్ కోర్సు బోర్డు వేలాడుతున్న రోజులు. నిన్నటిదాకా కిరాణా కొట్టు ఉన్న చోట ఇవాళ నెట్ సెంటర్ వెలిసేది. ఓనరమ్మ ఒక రోజు పంపు దగ్గర నన్ను ఆపింది.

"ఏందమ్మా, నీ మొగుడు రోజు గా నెట్ దుకాణంల కూసుంటుండు. నీకు ఎర్కనేనా?"

"తెలుసండీ. ఆఫీసు పని" అన్నాను. తెలియదంటే పరువు పోతుంది కదా.

"ఆఫీసు పనికి పర్దాలెందుకమ్మా? గా డబ్బాలకు పర్దాలు సుత కట్టిన్రు. గిప్పుడు అందరు చాటింగ్ చాటింగ్ అంటరు జూడు, గదే గావచ్చు. జెర చూస్కో. తర్వాత పరేషాన్ అయితవ్."

ఆ సాయంత్రం ఆయన ఏడు దాటాక వచ్చారు.

"ఏటండీ ఇంత ఆలీసం?"

"పని తెగలేదే. ఓవర్‌టైమ్."

ట్రేసింగ్ సెక్షన్‌కి ఓవర్‌టైమ్ ఏమిటి? తొమ్మిదేళ్ళలో ఒక్కసారి విన్నానా? చేతిలో ఉన్న గరిటెతో పప్పు ఇంకా గట్టిగా మెదిపాను. అబద్ధం చెప్పడం రాని మనిషి చెప్పిన అబద్ధం చెవికి వెంటనే తెలిసిపోతుంది. అనుమానం పెనుభూతం అంటారు. దానికి రోజూ తిండి పెట్టి పెంచింది మాత్రం ఆయనే.

ఎలాగంటే, అంతకు ముందు బజారుకి వెళితే నా పక్కనే నడిచేవారు. అడుగు తగ్గించుకుని, నాతో సమంగా. ఆ రోజుల్లో ఉన్నట్టుండి వెనకపడటం మొదలెట్టారు. "నువ్వు పద, వస్తున్నాను" అనేవారు. వెనక్కి తిరిగి చూస్తే పది బారల దూరంలో, రోడ్డుకి ఓ పక్కగా నిలబడి ఉండేవారు. ఇంకో నాలుగడుగులు వేసి మళ్ళీ చూస్తే మళ్ళీ అంతే దూరం. నా పక్కన కనబడటానికి సిగ్గుపడుతున్నారని తేల్చుకున్నాను. అదొక్కటే కాదు, పెదాలు కదిపేవారు. ఏదో లెక్కపెడుతున్నట్టు.

"ఏటి లెక్కెడుతున్నారు?"

"ఏటీ లేదే."

ఇంకా ఉంది. అటక మీద, పాత పేపరులో చుట్టిన ట్రేసింగ్ కాగితాల కట్ట ఒకటి కొత్తగా వచ్చి చేరింది. అటక నాకు అందదు. స్టూలెక్కడం నా వల్ల కాదు. అది తెలిసే అక్కడ పెట్టారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇంక నేనెంత?

ఇంత చిన్న విషయానికి ఎందుకింత గింజుకున్నానో చెప్పాలి. మా వైపు పెళ్ళిచూపుల్లో పిల్లని నాలుగడుగులు నడిపించడం ఆనవాయితీ. పాట పాడించకపోయినా ఊరుకుంటారు గాని నడిపించకుండా వదలరు. కాలి సంగతి మా నాన్న ముందే కబురు చేసినా, మా ఆయన మేనత్త వదల్లేదు. "ఏదమ్మా, ఓపాలి ఇటు నడిచి రా" అంది. నేను చాప మీద నుంచి లేవబోతుంటే ఈయన "అక్కర్లేదత్తా, కూకోమను" అన్నారు. మా వాళ్ళంతా ఆ మాటకి కరిగి నీరైపోయారు. బంగారం లాంటి మనసన్నారు. నేనూ కొన్నాళ్ళు మురిసిపోయాను. తర్వాత తర్వాత ఆ మాటని తిరగేసి చూడటం మొదలెట్టాను. అక్కర్లేదంటే, నడక ఎలా ఉన్నా ఫర్వాలేదనా? లేక చూడలేననా? రోజూ సాయంత్రం నా కాలి వంక చూడకుండానే, కాలు నొప్పెడుతోందా అని అడుగుతారు, అదీ జాలేననిపించేది. జాలిపడి చేసుకున్నాడా ఈ మనిషి? తొమ్మిదేళ్ళుగా నన్ను తిన్న ప్రశ్న ఇదొక్కటే. ఎప్పుడూ పైకి అడగలేదు. అడిగితే ఏం చెబుతారోనని భయం.

అందుకే ఫ్లాపీ పట్టుకుని నేను అనుకున్నది సూటిగా ఇదీ. జాలి తీరిపోయింది. కాళ్ళు రెండూ సమంగా ఉన్న మనిషి ఎవరో దొరికింది. అదే నిజమైతే ఈ ఇంట్లో ఒక్క పూట ఉండను, అల్వాల్‌లో మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. కళ్ళతో చూసి మరీ వెళతాను.

మర్నాడు పొద్దున్న ఆయన చొక్కాలన్నీ తిరగేస్తున్నారు.

"ఏటి వెతుకుతున్నారు?"

"పెన్సిలే."

పెన్సిలు చెవి మీదే ఉంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. ఫ్లాపీ నా సంచిలో భద్రంగా ఉంది. ఆయన వర్క్‌షాపుకి వెళ్ళాక నేను ఆఫీసుకి వెళ్ళి, మధ్యాహ్నం నుంచి సెలవు రాసిచ్చి, నెట్ సెంటర్ దగ్గర దిగాను.

అది మందుల షాపు మీద మొదటి అంతస్తులో ఉంది. మెట్లకి పక్కన పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాను. పైన కౌంటర్ దగ్గర కూర్చున్నామె నన్నే చూస్తోంది. ముప్పై దాటిన మనిషి. కంప్యూటర్ కోర్సు చేసి, ఉద్యోగం రాక, తనే నాలుగు కంప్యూటర్లు పెట్టుకుందని ఓనరమ్మ చెప్పగా విన్నాను. నేను మొదట చూసింది ఆమె కాళ్ళు. రెండూ బాగానే ఉన్నాయి.

నేను ఆఖరి మెట్టు ఎక్కేసరికి ఆమె లేచి నిలబడింది.

"అరె! అక్కా, మీరే గదా!"

"నన్నెప్పుడు చూశావు నువ్వు?"

"రోజు చూస్తనే ఉన్న" అని చప్పున నాలిక కరుచుకుంది.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. రోజూ చూస్తోందట! అంటే నా ఫోటో ఏదో పట్టుకొచ్చి చూపించారన్నమాట. ఇద్దరూ కూర్చుని నవ్వుకుంటున్నారన్నమాట. ఫ్లాపీ తీసి కౌంటర్ మీద పెట్టాను.

"ఇందులో ఏముందో చూపించు."

ఆమె దాన్ని చూసి మొహం మాడ్చుకుంది. "సార్ తిడతడేమో అక్కా."

"సార్ సంగతి నేను చూసుకుంటాను. నీ సంగతి కూడా."

"నా సంగతేంది నడుమ?" అని ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది. "యా అల్లా! మీరు గట్ల అనుకున్నరా? రాండ్రి అక్కా, రాండ్రి. ముందుగాల్ల సార్ ఏమేం చూస్తడో చూడుండ్రి. ఉత్తగ ఇదొక్కటి చూస్తే మీకు సమజ్ గాదు."

నవ్వితే నమ్మేస్తానా? మూలనున్న ప్లైవుడ్ డబ్బాలో, పర్దా వెనక, రెండు స్టూళ్ళు వేసింది. ఫోన్ లైను కలుస్తుంటే కంప్యూటర్ కీచుమని, గరగరమని, ఊపిరి బిగపట్టి అరిచింది. ఆయన ఏ ఏ పేజీలు చూస్తారో ఒక చోట వరసగా దాచుకున్నారట. ఆ వరస తెరిచింది. ఇరవై దాకా ఉన్నాయి. మొదటిదాని మీద నొక్కింది.

ఆ రోజుల్లో బొమ్మ ఒక్కసారిగా వచ్చేది కాదు. పైనుంచి కిందికి, గీత తర్వాత గీత, చీర మడత విప్పినట్టు నెమ్మదిగా దిగేది. ముందు నల్లటి వెనుక గోడ. తర్వాత నున్నగా, గుండ్రంగా, చర్మం రంగులో ఏదో భుజం. గుడ్డ లేదు దాని మీద. "ఛీ, ఆపు" అన్నాను. "ఆగుండ్రి అక్కా" అంది. ఇంకాస్త దిగింది. ఇంకో గుండ్రం. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అది బంగాళాదుంప. దాని మీద ఎవరో పెన్నుతో ముసలాయన మొహం గీశారు. దాని పక్కన ఇంకో దుంప, ముసలమ్మ. వరసగా ముప్పై దుంపలు. పది రోజుల్లో దుంపలు ముడతలు పడుతుంటే వాళ్ళు ఎలా ముసలివాళ్ళవుతారో రోజుకో ఫోటో తీసి పెట్టాడట ఆ మహానుభావుడు.

"దీనికోసమా మా ఆయన ఓవర్‌టైమ్?"

"ఇంక చూడుండ్రి."

రెండోదానిలో ఎవరో ముసలామె పాత స్వెట్టర్ల దారంతో గుడ్లగూబను కుట్టింది. దాని రెక్కలు విప్పుకున్నట్టు ఏడు రకాలుగా కుట్టి, ఏడింటినీ ఒకదాని వెనక ఒకటి చూపిస్తే గుడ్లగూబ ఎగురుతుంది. మూడోదానిలో ఒకాయన గాజు పలక మీద ఇసుక పోసి వేలితో చేపను గీశాడు. వేలు కాస్త జరిపితే చేప పడవైంది. ఇంకాస్త జరిపితే పడవ నిద్రపోతున్న పాపాయి అయింది. నాకు తెలియకుండానే స్టూలు దగ్గరికి జరుపుకున్నాను. ఇంకోచోట గుండ్రటి అట్ట మీద పదహారు మేకలు. అట్ట తిప్పితే మేక ఒకటే, గోడ దూకుతూ ఉంటుంది. దూకుతూనే ఉంటుంది. దాన్ని మూడుసార్లు పెట్టించుకున్నాను. అబద్ధమెందుకు, ముచ్చటేసింది.

అయినా నా బుద్ధి ఊరుకోదు కదా. "ఇంత కష్టపడి ఇదంతా ఎందుకు చేస్తున్నారు వీళ్ళు? ఎవరిస్తారు జీతం?"

"ఎవ్వరియ్యరక్కా. ఊకెనే చేస్తరు. చేసి అందరికి చూపిస్తరు."

ఊరికే పని చేసే మనిషిని నేను అప్పటిదాకా ఎరగను. అందుకని అది కూడా నమ్మలేదు. ఇందులో ఏదో మతలబు ఉంది, ముందు ముందు తెలుస్తుంది అనుకున్నాను.

చివరి పేజీలో పెన్సిలుతో గీసిన మగమనిషి ఒకడున్నాడు. మొహం లేదు, బట్టలు లేవు, ఉత్త గీతల మనిషి. ఉన్న చోటే నడుస్తున్నాడు. దాని కింద పన్నెండు బొమ్మలు, అంకెలు వేసి ఉన్నాయి. "సార్ మొట్టమొదలు చూసింది గిదే. గంటసేపు కదలకుండ చూసిండు. నాకే భయమైంది" అంది. తర్వాత ఫ్లాపీ లోపలికి తోసింది.

ఇది మటుకు చప్పున వచ్చేసింది. తెల్లటి తెర మీద చీర కట్టుకున్న ఆడమనిషి, పక్కనుంచి. భుజానికి సంచి. మొహం సగం అటు తిరిగి ఉంది. ఆమె నడుస్తోంది. ముందు సంచిని గుర్తుపట్టాను. తర్వాత కుచ్చిళ్ళను. తర్వాత ఎడమ భుజం కిందికి ఒంగి, పైకి లేచింది. ఒంగి లేచింది. ఒంగి లేచింది.

నా నడకని నేనెప్పుడూ చూసుకోలేదు. బట్టల షాపుల అద్దాల ముందు నుంచి పోవాల్సి వస్తే మొహం అటు తిప్పుకుంటాను. అలాంటిది, అంత పెద్ద తెర మీద, స్పష్టంగా, నా నడక నా ఎదురుగా ఉంది.

"ఆపు."

"ఇది ఆగదక్కా. తిరుగుతనే ఉంటది."

పక్క డబ్బాలోని ఇద్దరు కాలేజీ పిల్లలు పర్దా తొలగించి తొంగిచూశారు. తెర చూశారు, నన్ను చూశారు. "ఆంటీ, మీరేనా? సూపర్ ఉంది ఆంటీ!" అన్నారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్న సామెత నాకు ఆ రోజు తెలిసొచ్చింది. నిజానికి ఆ పిల్లలు నవ్వలేదు, మెచ్చుకున్నారు. నాకప్పుడు రెండూ ఒకలాగే వినిపించాయి.

అక్కడితో అయిపోలేదు. బొమ్మలు గీసేవాళ్ళందరూ కలిసే పేజీ ఒకటి ఉందట. ఈయన గీసుకొచ్చిన కాగితాలను ఈమె చేత కంప్యూటర్‌లోకి ఎక్కించి, నా నడకను అందులో పెట్టారు. ఏ దేశాలవాళ్ళో చూసి, కింద ఏదేదో రాశారు. నెట్ సెంటరామె చదివి చెప్పింది. గీత చాలా బాగుందని ఒకరు. చీర ఎలా ఊగాలో ఇప్పుడు తెలిసిందని ఇంకొకరు. ఆమె మూడోదాని దగ్గర ఆగింది.

"ఏమన్నాడు? చెప్పు."

"బొమ్మ తప్పున్నదంటుండు. పదిహేడో బొమ్మ కాడ బరువంత వంకర కాలు మీదికొస్తది గదా. అక్కడ ఆమె పడిపోవాలె, గిట్ల ఎవ్వరు నడవలేరు అంటుండు. సార్ మార్చి పెట్టిండు. మల్ల గట్లనే అన్నరు. ఇది మూడోది. దీనికి సుత గదే మాట."

నేను నడవలేనట! ముప్పై మూడేళ్ళుగా నడుస్తున్నాను, బస్సులెక్కుతున్నాను, ఇప్పుడే నీ మెట్లెక్కి వచ్చాను. సముద్రాల అవతల కూర్చున్నవాడెవడో నేను పడిపోతానని తీర్పు చెబుతాడా? ఎవరి మీద కోపమో తెలియకుండా ఫ్లాపీ లాక్కుని దిగి వచ్చేశాను.

ఇంటికి వచ్చి సూట్‌కేసు తీసి చీరలు సర్దడం మొదలెట్టాను. ఇంకో ఆడది లేదని తెలిశాక కూడా వెళ్ళిపోవాలనే అనిపించింది. అసలు ఆడదే ఉంటే నయమనిపించింది. ఈయన ఒక్కరైనా నా కాలిని చూడని మనిషి అనుకున్నాను. చూడటమే కాదు, కొలిచి, గీసి, నాకు చెప్పకుండా ఊరందరి ముందూ పెట్టారు. ఇది జాలి కంటే హీనం కదా?

ఆయన వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు. మంచం మీద సూట్‌కేసు, దాని మీద ఫ్లాపీ.

"నెట్ సెంటర్‌కి ఎల్లావా?"

"ఎల్లాను. అందరూ చూశాక ఆఖర్న నేనూ చూశాను. నన్ను ఆడించి చూపించడానికి నేనేమైనా కోతినా?"

ఆయన కింద కూలబడ్డారు.

"మా సెక్షన్ తీసీస్తున్నారే" అన్నారు. "ఇకమీదట డ్రాయింగులన్నీ కంప్యూటర్లోనే. నేర్చుకోమన్నారు. నేర్చుకుందామనే ఎల్లాను. నీకు చెప్పడానికి నామోషీ అయింది. ఆ అమ్మాయి ఏవో బొమ్మలు చూపించింది. ఆ పెన్సిలు మనిషి నడుస్తుంటే చూసి నాకు మతి పోయింది. తొమ్మిదేళ్ళు పక్కవాడి గీత మీదే గీశాను. నాదీ అని ఒక్క గీత లేదు. వాళ్ళెవరో దుంపల మీదా ఇసుక మీదా ఊరికే గీసుకుంటున్నారు, నేనెందుకు గియ్యకూడదు అనిపించింది."

"గీయండి. మీ మేనత్తని గీయండి. నేనే దొరికానా?"

"అందరి నడకా ఒకటేనే. ఒక అడుగు గీసీసి, రెండో అడుక్కి దాన్నే తిప్పి పెట్టీవచ్చు. పన్నెండు బొమ్మలకి ఆరే గీస్తారు. నీ నడకలో ఒక్క బొమ్మ రెండోసారి పనికిరాదు. ఇరవైనాలుగూ విడివిడిగా గియ్యాల్సిందే. అంత కష్టమైన నడక ఆ సైటు మొత్తంలో లేదు."

ఇది పొగడ్తో తిట్టో నాకు అర్థం కాలేదు. "వెనకాల నడిచింది అందుకా?"

"ఊఁ."

"ముందే నన్ను అడగొచ్చు కదా."

"అడిగితే నువ్వు నడవవు. నడిచినా, చూస్తున్నానని తెలిస్తే సరిగ్గా నడవవు."

అది నిజం. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. "కట్ట దించండి" అన్నాను. స్టూలెక్కి అటక మీది కాగితాలు దించి నా ఒళ్ళో పెట్టారు. ఒక్కొక్కటీ తీసి దీపానికి ఎత్తి చూశాను. అబ్బ, ఏం గీత! వేలి గోళ్ళు కూడా గీశారు. చెప్పు పట్టీ తెగితే నేను వేసుకున్న పిన్నీసు కూడా ఉంది. పద్నాలుగు, పదిహేను, పదహారు చూశాను. పదిహేడో బొమ్మ దగ్గర ఆగాను. నిజమే. ఆ పరాయి దేశంవాడు అన్నది నిజమే. ఈ బొమ్మలోని ఆడది తర్వాతి అడుగు వేయగలిగేది కాదు. మోకాలు మడతపడి అక్కడే కూలిపోతుంది.

ఎందుకో నాకు తెలుసు. చూశారా, ఇంత రాశాను, అంతా ముందే చెప్పేశానని గొప్పలు పోయాను, ఈ ఒక్క మాట మీ దగ్గర కూడా దాచాను. నా ఎడమ మోకాలికి నిలబడే బలం లేదు. ఆ కాలు నేల మీద ఆనినప్పుడల్లా ఎడమ చేత్తో తొడను వెనక్కి నొక్కి పట్టుకుంటాను. అలా నొక్కితేనే నడక. దాన్ని ఎవరూ చూడకుండా పమిట కొంగు ముందుకి లాక్కుని, సంచి ఆ భుజానికే వేలాడేసుకుంటాను. ఒంగి లేవడం లోకమంతా చూస్తుంది, చేసేదేమీ లేదు. చేతిని మటుకు ఎవరూ చూడలేదని నా నమ్మకం.

ఈ బొమ్మల్లో ఎడమ చెయ్యి సంచి పట్టీని అందంగా పట్టుకుని ఉంది. ఇరవైనాలుగింటిలోనూ అంతే.

"చెయ్యేదీ?" అన్నాను.

ఆయన కట్ట చుట్టిన పేపరు మడతపెట్టడం మొదలెట్టారు.

"మూడుసార్లు గీశారు. చెప్పు పిన్నీసు కనబడింది గాని చెయ్యి కనబడలేదా? తెలియక మానేశారా, తెలిసే మానేశారా?"

"తెలిసే."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మనం ఈ ఊరొచ్చిన కొత్తల నుంచీ."

"మరెందుకు గీయలేదు? వాళ్ళంతా తప్పు తప్పు అంటుంటే పడ్డారు కదా మూడుసార్లు!"

"నువ్వు దాచుకుంటావు కదే" అన్నారు. "నువ్వు దాచుకున్నదాన్ని నేనెలా గీస్తాను?"

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఏది ముందో చెప్పలేను. తొమ్మిదేళ్ళు ఎవరికీ తెలియదనుకుని మోసిన చేతిని ఈయన తొమ్మిదేళ్ళుగా చూస్తూనే ఉన్నారు. చూసి, నా కొంగు కిందే ఉండనిచ్చారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేత పని రాదనిపించుకోవడానికైనా సిద్ధపడ్డారు గాని కొంగు తీయలేదు. జాలి ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు. కానీ నాకోసం తన గీతనే తప్పు గీశారు. ఇంకుతో గీత తప్పితే రాత్రంతా అన్నం సహించని మనిషి.

ముక్కు తుడుచుకుని లేచాను. పమిట కొంగు నడుములో దోపాను. సంచి లేదు, ఏమీ లేదు. వంటగది గుమ్మం దగ్గర నిలబడి "పెన్సిలు తీయండి" అన్నాను.

"ఇప్పుడా?"

"వాడెవడో నేను నడవలేనన్నాడు. గీయండి."

వీధి గుమ్మం దాకా నడిచాను, తొడ మీద చెయ్యి నొక్కుతూ, మామూలుగా నడిచేట్టే. ఆయన మొదట నా మొహం వైపు చూశారు. తర్వాత చేతి వైపు చూశారు. తర్వాత ఆయన కళ్ళు ఇంజినీరు డ్రాయింగు చూసేటప్పటి కళ్ళయిపోయాయి. "ఇంకోసారి" అన్నారు. నడిచాను. "అక్కడ ఆగు, కదలకు" అన్నారు. "ఆగితే పడతాను" అన్నాను. "అయితే మళ్ళీ మొదట్నుంచి రా. నెమ్మదిగా. బొటనవేలు ఎటుందో కనబడలేదు." బొటనవేలు లోపలికి ఉంటుందని చెప్పాను. "చెప్పకు, నడు" అని కసిరారు. చెరిపారు, గీశారు, మళ్ళీ చెరిపారు. నడిచీ నడిచీ నా కాలు పీక్కుపోయింది. ఆయన తలెత్తితే ఒట్టు. "ఊఁ, మళ్ళీ" అంటున్నారు. మా పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో, కాలు నొప్పెడుతోందా అని ఆయన నన్ను అడగని సాయంత్రం అదొక్కటే.